పురుగును చూచే కన్ను

సినిమా అనగానే మన విద్యార్థులకు పాటలు, పోరాటాలు మాత్రమే స్ఫురిస్తాయి. కాని ఆ కళ పుట్టిన తొలినాళ్లలోనే పూవును, పురుగును కథానాయకులుగా నిలిపినవారున్నారు. 1910లో ఇంగ్లండులో పెర్సీ స్మిత్ మొగ్గలు విచ్చుకొనే తీరును, గంటల తరబడి సాగే ఆ కార్యాన్ని, కొద్ది నిమిషాలలో తెరపై చూపాడు. ఆ కాలముననే లిథువేనియాలోని కౌనస్ మ్యూజియం అధికారి స్టారెవిచ్ పెంకుపురుగుల పోరును చిత్రించబోయాడు. దీపాల వెలుగులో ఆ నిశాచరాలు చేష్టలుడిగాయి. అప్పుడాయన చచ్చిన పురుగులకు తీగలమర్చి, ఒక్కొక్క భంగిమనే చిత్రించి కదిలించాడు. 1963లో అమెరికాలో స్టాన్ బ్రాకేజ్, కెమెరాయే లేకుండా, శలభాల రెక్కలను, గడ్డిపరకలను పారదర్శకమైన పట్టీల నడుమ అంటించి 'మాత్‌లైట్' నిర్మించాడు.

ఇవి తీరికగలవారి వినోదాలని కొందరనవచ్చు. మహబూబాబాదు మిరపరైతు అలా అనడు. 2021లో నల్ల తామరపురుగు పూతలో చేరి అక్కడి తోటలను పాడుచేసింది. దాని పొడవు సుమారు ఒక మిల్లీమీటరు! కనబడిన పురుగునెల్ల శత్రువని మందు కొడితే, పేనుబంకను తినే అక్షింతల పురుగు కూడ నశిస్తుంది. మిత్రుడెవరో, శత్రువెవరో ఎరుగని చేతికి మందుడబ్బా అందడమే ప్రమాదం. పాఠ్యపుస్తకంలోని బొమ్మ పురుగు ఆకారాన్ని చెప్పగలదు గాని, దాని నడకను, ఆకలిని చెప్పలేదు. ఆ పని చలనచిత్రానిదే.

2012లో వచ్చిన 'ఈగ' తెలుగువారిని మెప్పించింది. అయితే ఆ ఈగలో రగిలినది మనిషి పగ. బడికి కావలసినది ఈగను ఈగగానే చూపే చిత్రం.

ఇందుకు లక్షలు అక్కరలేదు. సెల్‌ఫోను, ఓపిక చాలు. జనగామ పిల్లలు ప్రత్తికాయను తొలిచే గులాబిరంగు పురుగును, మహబూబాబాదు పిల్లలు మిరపపూవును, భూపాలపల్లి పిల్లలు తునికి చిగురును చిత్రించవచ్చు. భూపాలపల్లి గనుల బొగ్గు సుమారు 25 కోట్ల ఏండ్లనాటి వృక్షాలదే గదా! అక్కడి పిల్లలకు ప్రకృతి చరిత్ర పరాయి శాస్త్రం ఎట్లవుతుంది?

పరీక్షలకే వేళ చాలదని ఉపాధ్యాయులు అనవచ్చు. ఆ మాటలో నిజమున్నది. కాని నెలకొక్క చిత్రం, అయిదు నిమిషాల ప్రదర్శన, పిమ్మట పది నిమిషాల చర్చ: ఇంతమాత్రం ఏ బడికీ భారం కాదు. ఒక్క నియమం తప్పరాదు. చిత్రం కోసం ప్రాణిని చంపరాదు. బ్రాకేజ్ ఏరుకొన్నవి కూడ దీపాల వద్ద రాలిపడిన శలభాలే. చూడనేర్చిన పిల్లవాడు రేపు చేనిలో మందు కొట్టబోయే ముందు ఒక్క క్షణం ఆకును త్రిప్పి చూస్తాడు. ఆ ఒక్క క్షణం కోసమే ఈ ప్రయత్నం జరగాలి.