అతిథి వెంట గూఢచారి

పూర్వము సయామని మనవా రెరిగిన థాయిలాండులో 2016 ఆగస్టున జాతీయ ప్రసార దూరసంచార సంఘమువారు వింత యోచన నొకదానిని ప్రకటించిరి. విదేశీయ యాత్రికులకు ప్రత్యేకమైన సిమ్ముకార్డు నమ్ముదురట. యాత్రికు డెచ్చట నున్నదియు నది యెల్లవేళల తెలుపుచుండునట. దాని నాపు స్వేచ్ఛ మాత్ర మతనికి లేదట! నేరగాండ్రను పట్టుటకే యిదియని సమర్థించుకొనిరి.

ప్రజారక్షణము ప్రభుత్వధర్మమే. 2015 ఆగస్టులో బాంకాకునందలి ఎరవాన్ బ్రహ్మమందిరముకడ బాంబు ప్రేలి 20 మంది మృతిచెందిన మాట మరువరాదు. కాని యీ వల యెవరికై పన్నినది? దుష్టుడు స్వదేశపు సిమ్ముతోనే దిగును. కాదేని కొన్న కార్డును కాలువలో బారవైచి పోవును. చిక్కువారు విహారమునకు బోయిన నవదంపతులును, బుద్ధదర్శనార్థులైన వృద్ధులును. 2016లో నా దేశమునకు వచ్చిన యాత్రికులు 3 కోట్లకు పైబడిరి. ఇందరిని శంకించు పోలీసు అసలు దోషి నెన్నడు కనుగొనును?

సెల్‌ఫోను పనిచేయుటకై దాపునగల టవరుతో నెట్లును సంబంధము పెట్టుకొనుచునే యుండును. ఒకనిపై ననుమానము గలిగిన న్యాయాధిపతి యుత్తరువుతో కంపెనీ లెక్కలు తెప్పించుకొనవచ్చును. అది విచారణ. పరదేశియగుటయే నేరముగ నెంచి యందరి జాడ తీయుట వేరు. 2014 మేలో సైన్యము రాజ్యాధికారమును హస్తగతము చేసికొన్న దేశమున నీ యోచన పుట్టుటలో వింతలేదు. పరదేశికై పేనిన పలుపు స్వదేశీయుని మెడకు చాలదా?

మన సుప్రీముకోర్టు 2017లో ఏకాంతహక్కును 21వ అధికరణములోనిదిగ నిర్ణయించినది. ఆ యధికరణము పౌరులకే గాక మనుజులకెల్ల వర్తించును. మన ప్రభుత్వమువా రెన్నడైన నిట్టి కార్డును తలపెట్టిన, ముందుగ పార్లమెంటునకు సమాధానము చెప్పితీరవలెను.