గుట్ట అమ్మిన సొమ్ము రాబడి అవుతుందా?

సరిహద్దు రాయి రాష్ట్రాలను విడదీయగలదు గాని ఎర్రదుమ్మును ఆపజాలదు. 2000 దశకంలో చైనా గిరాకీ వల్ల ఇనుప ఖనిజం ధర విపరీతంగా పెరిగింది. అటు సండూరు, ఇటు ఓబుళాపురం గనుల నుండి సాగిన లారీల దుమ్ము కన్నడ రైతు చేలనూ తెలుగు రైతు చేలనూ ఒకే తీరున కప్పివేసింది.

పొలం అమ్మగా వచ్చిన డబ్బును ఆ యేటి పంట రాబడిగా ఏ రైతూ లెక్కవేయడు. ప్రభుత్వాలు మాత్రం తవ్వితే మళ్లీ పుట్టని ఖనిజాన్ని అలాగే లెక్కవేశాయి. 2009 వరకు రాయల్టీ టన్నుకు 27 రూపాయలకు మించలేదు. ఈ లెక్కను సరిదిద్దేదే పర్యావరణ అర్థశాస్త్రం. ఆర్థిక వ్యవస్థ ప్రకృతిలో ఒక భాగమేననీ, దాని పరిమాణానికి హద్దు ఉండాలనీ హెర్మన్ డేలీ వాదించారు.

ఆ హద్దును చట్టంగా మార్చడమే హరిత రాజకీయాల పని. పశ్చిమ జర్మనీలో 1980లో ఏర్పడిన గ్రీన్ పార్టీ 1983లో పార్లమెంటులో ప్రవేశించింది. బళ్లారిలో అటువంటి పార్టీ లేదు. 2010 నాటి బెంగళూరు-బళ్లారి పాదయాత్ర, 2011 నాటి లోకాయుక్త నివేదిక తర్వాత కూడా పార్టీల చర్చ దోపిడీ చుట్టూనే తిరిగింది. అనుమతితో తవ్వినా గుట్ట తరుగుతుందన్న మాట వెనుకబడింది.

ఆ లోటును కొంత తీర్చినది 2009లో సమాజ పరివర్తన సముదాయ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం. 2011 జూలై 29న బళ్లారి తవ్వకాలు నిలిచాయి. లారీలనే నమ్ముకున్న కుటుంబాలు ఉపాధి కోల్పోయిన మాటా వాస్తవమే. 2013 ఏప్రిల్ 18 నాటి తీర్పుతో తీవ్ర ఉల్లంఘనలకు పాల్పడిన లీజులు రద్దయ్యాయి. బళ్లారి, చిత్రదుర్గ, తుమకూరు జిల్లాల ఉత్పత్తికి ఏటా 3 కోట్ల టన్నుల పరిమితి అమలయింది. అమ్మకపు సొమ్ములో కొంత పునరుద్ధరణ నిధికి చేరింది. డేలీ చెప్పిన హద్దు మన గుట్టలపై అమలైన సందర్భమిది.

అయితే ఆ పరిమితి 2022 నాటికి 5 కోట్ల టన్నులకు పెరిగింది. నిధి ఖర్చయ్యేదేమో కర్ణాటక జిల్లాలలోనే. దుమ్ముకు లేని సరిహద్దు పరిహారానికి ఎందుకుండాలి? ఓట్లడగ వచ్చే ఉభయ రాష్ట్రాల నాయకులను గ్రామాలు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.