తలుపులున్న వర్గం, తలుపుల్లేని కులం

లండన్‌లోని హై హోబర్న్ వీధిలో ప్రిన్సెస్ లూయీజ్ అనే పాత పబ్ ఉంది. భవనం 1872 నాటిది, లోపలి అలంకరణ 1891 నాటిది. పూలు చెక్కిన గాజు పలకలు, రంగురంగుల పింగాణీ గోడలు, నగిషీ పనితనం నిండిన కొయ్య. పర్యాటకులు దానిని ‘వ్యక్తిత్వమున్న పబ్’ అని మురిసిపోతారు. మురిసిపోదగినదే. అయితే ఒక సాయంత్రం అక్కడ కూర్చున్నప్పుడు నా దృష్టి అందం కంటే ముందు అరల మీద పడింది. మధ్యలో మద్యం పోసే బల్ల, దాని చుట్టూ కొయ్య, గాజు అడ్డుగోడలతో చిన్న చిన్న అరలు. అందరికీ పోసే బల్ల ఒకటే. ఒక అరలోని వారికి పక్క అరలోని వారు కనబడరు.

ఇది కేవలం అలంకారం కాదు. విక్టోరియా కాలపు పబ్ వర్గాన్ని గోడలుగా కట్టింది. కూలీలకు ‘పబ్లిక్ బార్’, వట్టి నేల, చౌక ధర. కాస్త ఉన్నవారికి ‘సెలూన్ బార్’, మెత్తని ఆసనాలు, ఎక్కువ ధర. సమీపంలోని ల్యాంబ్ అనే పబ్‌లో బల్ల మీద ముఖం ఎత్తున తిరిగే చిన్న గాజు తలుపులు నేటికీ ఉన్నాయి. వాటి పేరే ‘స్నాబ్ స్క్రీన్లు’. పోసేవాడికి తాగే పెద్దమనిషి ముఖం కనబడకూడదన్నది వాటి ఉద్దేశం!

అక్కడికి కూతవేటు దూరంలోనే అంబేడ్కర్ న్యాయవిద్య అభ్యసించిన గ్రేస్ ఇన్ ఉంది. తలుపులు మూసుకున్న వర్గమే కులమని 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో ప్రతిపాదించి, ఆ ఏడాదే ఆయన లండన్ చేరారు. ఆ మాటకు అర్థం ఈ పబ్‌లో నిలబడితే కళ్లకు కడుతుంది. సెలూన్ తలుపు దుస్తులకూ, అదనపు పెన్నీకీ తెరుచుకునేది. రెండు గ్లాసుల పద్ధతి పాటించిన మన పల్లెల టీ హోటళ్లలో లెక్క తలకిందులు. ఇక్కడ ధర వేరు, గ్లాసు ఒకే రకం; అక్కడ ధర ఒకటే, గ్లాసు వేరు. చూరు కింద పెట్టిన గ్లాసును దళితుడే కడుక్కోవాలి. ఎంత డబ్బిచ్చినా ఆ గ్లాసు మారదు.

పబ్‌లోనూ డబ్బుకు లొంగని గీత ఒకటి వచ్చింది. యుద్ధానంతరం బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్ ఇనుప కర్మాగారాలకు పంజాబీ కార్మికులు వచ్చారు. పని కలిసి చేసినవారికే పబ్‌లో మంచి గది నిషిద్ధం. భారతీయ కార్మిక సంఘం నాయకుడు అవతార్ జౌహల్ తదితరులు ఆ గదుల్లోకే వెళ్లి గ్లాసు అడిగి, నిరాకరణను నలుగురి దృష్టికీ తెచ్చారు. 1965 ఫిబ్రవరి 12న మాల్కం ఎక్స్‌ను వారు అక్కడికి తీసుకువెళితే ఆయనకూ అదే ఎదురైంది. తొమ్మిది రోజులకు ఆయన న్యూయార్క్‌లో హతుడయ్యాడు. ఆ ఏడాది చివర్లో వచ్చిన జాతి సంబంధాల చట్టం బహిరంగ స్థలాల్లో వర్ణవివక్షను నిషేధించింది. చట్టం పార్లమెంటుదే, కానీ ఒత్తిడి ఆ గ్లాసులు అడిగిన చేతులది కూడా.

వలస వచ్చినవారి సామాన్లలో కులమూ ఉంది. 2010 సమానత్వ చట్టం కులాన్ని జాతిలో భాగంగా చేర్చే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది; 2013లో పార్లమెంటు దానిని బాధ్యతగా మార్చింది. 2018 జూలైలో ప్రభుత్వం, న్యాయస్థానాల తీర్పులే చాలునంటూ చేతులు దులుపుకుంది. చాలవు. రంగును బట్టి గ్లాసు నిరాకరిస్తే బాధితుడు చట్టం పేరు చెబితే సరిపోతుంది. కులాన్ని బట్టి అవమానిస్తే, తన కులం ‘జాతిమూలం’ కిందికి వస్తుందని ముందు తానే వాదించి నెగ్గాలి. చదువు కోసం వెళ్లిన తెలుగు విద్యార్థిని అద్దె గదిలో తోటి తెలుగువాడే “మీరేమిట్లు?” అని అడిగినప్పుడు, ఆ ప్రశ్న వెనకున్న గోడ పేరు ఆ దేశపు చట్టంలో ఇంకా రాయలేదు.