పై చదువుకు సీటు సరే, పడుకునే చోటేది?

శ్రీశైలం: పి.జి. ప్రవేశాల కాలం వచ్చిందంటే మన మండలంలో కొన్ని ఇళ్లకు సంతోషంతో పాటు దిగులు కూడా వస్తుంది. పిల్లకు సీటు వచ్చిందని వీధంతా చక్కెర పంచిన తండ్రి, మరునాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడి "అక్కడ మనోళ్లు ఎవరైనా వుండారా? పిల్ల యాడుంటుంది?" అని నలుగురినీ విచారించడం మొదలుపెడతాడు. సీటు సంపాదించడానికి పిల్ల ఏడాది కష్టపడింది. గది సంపాదించడానికి మిగిలేది నాలుగైదు రోజులు.

ఇంతకు ముందు ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయమే ప్రవేశ పరీక్ష పెట్టేది. మనవాళ్లు అనంతపురం కృష్ణదేవరాయకో, తిరుపతి వెంకటేశ్వరకో, 2008లో ఏర్పడిన తర్వాత కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయానికో దరఖాస్తు పెట్టుకునేవారు. ఆ ఊళ్లలో ఎవరో ఒక బంధువు వుండనే వుంటాడు. 2021 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఒకే పి.జి. సెట్ వచ్చింది. ఫీజులు, ప్రయాణాలు తగ్గాయి, మంచిదే. కాని సున్నిపెంట పిల్లకు విశాఖపట్నంలో సీటు పడవచ్చు, శ్రీకాకుళంలో పడవచ్చు. అక్కడ చుట్టం ఎవరు? కేంద్రీయ విశ్వవిద్యాలయాలకైతే 2022 నుంచి దేశమంతటికీ ఒకటే పరీక్ష. సీటు ఎక్కడ పడితే అక్కడికే పోవాలి.

మన కొండ సంగతి వేరే చెప్పాలి. హైదరాబాదు ఇక్కడికి సుమారు 215 కిలోమీటర్లు. దారిలో మన్ననూరు వద్ద అడవి గేటు రాత్రి 9 గంటలకు మూస్తే మళ్లీ ఉదయం 6 గంటలకే తీస్తారు. పులుల అడవి గనుక ఆ నియమాన్ని తప్పు పట్టలేము. అయితే దానివల్ల గది వెదకబోయిన మనిషి తెల్లవారి బయలుదేరి మధ్యాహ్నానికి చేరి, మూడు గంటల్లో నాలుగు వీధులు తిరిగి, చూసింది చూడనిది ఏదో ఒకదానికి అడ్వాన్సు కట్టేసి తిరుగు బస్సు పట్టుకోవలసి వస్తోంది. నగరంలోని బ్రోకర్లకు ఈ తొందర బాగా తెలుసు. "ఇప్పుడు కట్టకపోతే సాయంత్రానికి పోతుంది" అనే మాట వారి నోట ఎప్పుడూ సిద్ధంగా వుంటుంది.

ఈ విలేఖరి చెల్లెలికి రెండేళ్ల క్రితం హైదరాబాదులో ఎం.ఎస్సీ. సీటు వచ్చింది. హాస్టలు గది అడిగితే తరగతులు మొదలైన తర్వాత జాబితా వేస్తామన్నారు. తరగతులు సోమవారం మొదలు, జాబితా ఎప్పుడో తెలియదు. అంతవరకూ పిల్ల ఎక్కడ వుండాలని అడిగితే, కిటికీ వెనుక కూర్చున్నాయన అది తమ శాఖకు సంబంధించింది కాదన్నాడు. కొందరు పాత విద్యార్థుల గదుల్లో పేరు లేకుండా సర్దుకుంటారు. ఒక మంచం మీద ఇద్దరు, నేల మీద ఒకరు. తనిఖీ జరిగిన రోజు పెట్టెతో సహా బయట నిలబడాలి.

సరే, ఇళ్లు వెదికాము. గేటుకు వేలాడే "అద్దెకు ఇవ్వబడును" అట్ట కింద "కుటుంబాలకు మాత్రమే" అని వుంటుంది. ఒకచోట మేడ మీద రెండు గదులు బాగున్నాయి. ఇంటావిడ పెద్ద వయసు మనిషి. "ఎక్కడి నుంచి వచ్చారు బాబూ?" అని అడిగింది. "శ్రీశైలం దగ్గర్నుంచి అమ్మా" అన్నాను. రెండు చేతులూ జోడించి "మల్లన్న దగ్గరివాళ్లా!" అని, లోపల్నుంచి మంచినీళ్లు తెప్పించింది. నీళ్లు తాగుతుండగానే అడిగింది, "మీరు ఏమిటోళ్లు?" చెప్పాను. తమ అల్లుడు ఆ గదులు అడుగుతున్నాడన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆమెను తిట్టి లాభం లేదు, మనమూ అదే పని చేస్తున్నాము. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కాలినడకన వచ్చే భక్తులు రాత్రి అడవిలో పక్క పక్కనే నడుం వాలుస్తారు. పక్కన పడుకున్నది ఎవరని అడిగేవారు లేరు. అదే మనుషులు కొండెక్కి కైలాసద్వారం దాటాక, ఏ కులపు సత్రం ఎటువైపని వెదుక్కుంటారు. అడవిలో లేని కులం సత్రం గడప దగ్గర ఎదురవుతుంది. చదువుల హాస్టళ్ల చరిత్రా ఇంతే. హైదరాబాదులో పల్లెల పిల్లలకు నీడ లేని రోజుల్లో, 1918లో, రాజాబహదూర్ వెంకట్రామారెడ్డి గారి పూనికతో రెడ్డి హాస్టలు వెలిసింది. తర్వాత మరికొన్ని కులాల వారు తమ పిల్లల కోసం కట్టుకున్నారు. వాటివల్ల ఎందరో చదువుకుని పైకి వచ్చారు, ఆ మేలు కాదనరాదు. కాని కట్టుకునే స్తోమత లేని కులాల పిల్లలు ఎక్కడికి పోవాలి? నల్లమల గూడెం నుంచి ఒక చెంచు పిల్ల పై చదువుకు నగరానికి పోతే, ఆమె పేరు మీద సత్రం కట్టినవారు ఎవరున్నారు?

గదిలో జత ఎవరన్నది కూడా చిన్న విషయం కాదు. మన పెద్దలు చూసేది ఊరు, కులం. అసలు చూడవలసింది ఆ పిల్ల ఎన్ని గంటలకు దీపం ఆర్పుతుంది, వంటకు చేయి సాయం వస్తుందా, ఒకటో తేదీన తన వాటా తీసి ఇస్తుందా అన్నది. ముగ్గురు కలిసి తీసుకున్న ఇంట్లో ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఆ వాటా తక్కిన ఇద్దరి మీద పడుతుంది. వెళ్లేవారు నెల ముందు చెప్పాలనీ, అడ్వాన్సులో ఎవరి భాగం ఎంతనీ మొదటి రోజే కాగితం మీద రాసుకుంటే స్నేహాలు నిలుస్తాయి. ఇంటి యజమానికి ఇచ్చే ప్రతి రూపాయికీ రసీదు అడగడం అమర్యాద ఏమీ కాదు. గోడల మరకలు, పగిలిన అద్దాలు చేరిన రోజే ఫోనులో ఫోటో తీసుకుంటే, ఖాళీ చేసేనాడు సున్నం ఖర్చని అడ్వాన్సు మింగేసే వీలుండదు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్టు కూడదన్నది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటే తప్ప అది చెల్లదు. బెంగుళూరులో పది నెలల అద్దె ముందే అడిగిన ఇళ్ల కథలు మన పిల్లలు చెబుతూనే వున్నారు.

ఇక ప్రభుత్వ సాయం. 2020 ఫిబ్రవరిలో మొదలైన వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువులకు ఏటా 20,000 రూపాయలని ప్రకటించారు. నెలకు లెక్క కడితే 1,700 కూడా రాదు. ఆ ఏడాది డిసెంబరులోనే 77వ నంబరు జి.ఓ. ఇచ్చి, ప్రైవేటు కళాశాలల్లో పి.జి. చదివేవారిని పక్కన పెట్టారు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఈ డబ్బు చదువు సంవత్సరం చివర కాక మొదట్లో ఇస్తేనే ఉపయోగం. అడ్వాన్సు అడిగేది జూన్ జూలైలలో కదా.

సీటు ఇచ్చిన రోజే హాస్టలు మంచం వుందో లేదో విద్యార్థికి చెప్పడం విశ్వవిద్యాలయాలకు అసాధ్యమైన పని కాదు. లేదంటే మొదటి నెల రోజులకు ఏదైనా పెద్ద హాలులో చాపలు పరచినా చాలు. మన శ్రీశైలంలోని సత్రాల కమిటీల వారు కూడా ఒక మాట ఆలోచించాలి. పండుగలకు వేలమందికి చోటు చూపే అనుభవం వారికి వుంది, విరాళాలిచ్చే దాతలూ వున్నారు. అన్ని సత్రాలూ కలిసి కర్నూలులో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఈ కొండ పిల్లలు ఎవరైనా సరే మొదటి నెల దిగేటట్లు చేస్తే, కులం పేరు అడగని సత్రం ఒకటైనా వుంటుంది. 1981లో ప్రాజెక్టు ముంపు గ్రామాలు ఖాళీ చేయించినప్పుడు, పరాయి ఊరిలో నీడ అడగడం ఎలా వుంటుందో మన పెద్దలు చూసినవారే.

మా చెల్లెలికి చివరకు ఊరి చివర ఒక చిన్న ఇల్లు దొరికింది. ఆదిలాబాదు పిల్ల ఒకరు, తెనాలి పిల్ల ఒకరు జతకు వచ్చారు. మొదట్లో కారం విషయంలో గొడవలయ్యాయి, ఇప్పుడు తెనాలి పిల్లే జొన్నరొట్టె కొడుతోంది. ఆదిలాబాదు పిల్లకు ఉద్యోగం వచ్చి వచ్చే నెల వెళ్లిపోతోంది. మూడో మంచం ఖాళీ. మన వైపు పిల్ల ఎవరికైనా అక్కడ సీటు వచ్చి వుంటే సున్నిపెంట బస్టాండు వద్ద ఈ విలేఖరిని కలవవచ్చును. ఆ ఇంటి యజమాని అడిగేది ఒక్కటే, రాత్రి మోటారు ఆపడం మరచిపోకూడదు.