ఎదురింటి కిటికీ

కూతురింటికి వెళ్ళిన మామగారు చెయ్యకూడని పని ఒకటి వుంది: అల్లుడి కారును గురించి అభిప్రాయం చెప్పడం. నేను చెప్పాను. ఫలితంగా ఒక ఆదివారమల్లా కారు కింద పడుకున్న అల్లుడికి టార్చిలైటు పట్టవలసి వచ్చింది.

మా అమ్మాయి కాపురం జపానులో, హిరోషిమాలో. మాజ్దా కార్ల కంపెనీ ఆ వూరిని ఆనుకునే వుంది. స్థల మహిమో యేమో, మా అల్లుడు 2000వ సంవత్సరంలో తయారైన ఆర్‌ఎక్స్-7 కారు పాతది కొన్నాడు. నేలనంటుకుని వుంటుంది. అందులోకి వెళ్ళాలంటే దిగాలి, బయటికి రావాలంటే ఎక్కాలి.

దాని ఇంజను అందరి కార్లలాంటిది కాదు. పిస్టన్లు వుండవు. రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్లు, మూడు మూలల ఇనుప దిమ్మ గుంటలో తిరుగుతుంది. ఈ కారులో అలాంటివి రెండు. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఊహించిన యీ ఇంజను 1957లో మొదటిసారి తిరిగింది. 1967లో మాజ్దావారు దీన్ని కాస్మో స్పోర్ట్ కారులో పెట్టి అమ్మారు. 1991లో యీ రకం ఇంజనుతోనే ల మాన్ 24 గంటల పందెం గెలిచారు. ఇంజను చిన్నది, బలం పెద్దది. అయితే దిమ్మ మూలలు అరిగిపోకుండా లోపలికి కొంచెం ఆయిలు వదలాలి, అదీ మండుతుంది. మంట రేగే చోటు పొడుగ్గా, సన్నగా వుండడం చేత పెట్రోలు కొంత మండకుండానే పొగలో పోతుంది.

పైగా పాత యజమాని గాలి ద్వారాలు తొలిపించి పెద్దవి చేయించాడు, పెట్రోలు ఎక్కువ పోయేటట్లు చేయించాడు. మండకుండా మిగిలినది పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి, అక్కడ మండి, లోపలి తేనెపట్టును కరిగించింది. దారి మూసుకుపోయి కారు ఎగశ్వాస పెట్టింది. "అది తీసి పారేసి వుత్త గొట్టం పెట్టుకో" అన్నాడట ఒక స్నేహితుడు. నేను వెళ్ళేసరికి కారు ఆ గొట్టంతోనే తిరుగుతోంది. అక్కడ అది చట్టవిరుద్ధం. రెండేళ్ళకోసారి జరిగే తనిఖీలో నెగ్గదు. తనిఖీకి ఇంకా నాలుగు నెలలుందని మా వాడి ధైర్యం.

పొద్దున్న కారు స్టార్టు చెయ్యగానే ఎదురింటి ముసలావిడ కిటికీ మూసేది. సాయంత్రం కారు తిరిగి రాగానే మళ్ళీ మూసేది. ఒక్క మాట అనలేదు. కనిపిస్తే నడుం వంచి నమస్కారం చేసేది.

ఆ కిటికీ చప్పుడు నాకు మా నాన్నగారిని గుర్తుకు తెచ్చింది. తెనాలిలో నాకొక స్కూటరుండేది, పెట్రోలులో ఆయిలు కలిపి పోసే రకం. అరుగు ముందే స్టార్టు చేసేవాణ్ణి. నాన్నగారు ఉబ్బసం మనిషి. అరుగు మీద కూర్చుని కండువా ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. "అవతలికి తీసుకెళ్ళరా" అని ఒక్కనాడూ అనలేదు. ఆయన అనలేదు గనుక నాకూ తోచలేదు.

అందుచేత వుండబట్టలేక అనేశాను: "అల్లుడుగారూ, మీ కారుకు ఊపిరాడుతోంది, సంతోషం. మరి ఆవిడకో?"

"నాన్నా!" అంది మా అమ్మాయి. అల్లుడు మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత, "మావయ్యగారూ, మధ్యే మార్గం ఒకటుంది" అన్నాడు.

దాని పేరు హైఫ్లో కన్వర్టరు. కన్వర్టరంటే పొగను వడపోసే జల్లెడ అనుకునేవాణ్ణి. కాదట. తేనెపట్టు గోడలకు ప్లాటినం, పల్లేడియం, రోడియం పలచగా పూసి వుంటాయి. వాటిని తాకితే కార్బన్ మోనాక్సైడు కార్బన్ డయాక్సైడవుతుంది. మండని పెట్రోలు కార్బన్ డయాక్సైడుగానూ నీటి ఆవిరిగానూ మారుతుంది. లోహాలు మాత్రం ఖర్చు కావు. మామూలుగా చదరపు అంగుళానికి 400 కన్నాలుంటే, హైఫ్లో దానిలో 200, ఒక్కొక్కప్పుడు 100. పొగకు దారి సులువు. కాని తాకే గోడ తక్కువ గనుక శుభ్రం చేసే శక్తీ కొంత తక్కువే. అందుకే అక్కడ పొగ పరీక్ష పత్రంతో వచ్చినదే కొనాలి. ఖరీదెక్కువైనా అల్లుడు అదే తెప్పించాడు.

తుప్పు పట్టిన నట్లకు ముందు రాత్రే ఆయిలు పెట్టాడు. పాత ప్యాకింగులు గీకి కొత్తవి వేశాడు. కన్వర్టరు మరీ వేడెక్కితే డ్రైవరు ముందు దీపం వెలిగించే తీగను మళ్ళీ బిగించాడు.

"అయిపోయినట్లేనా?" అన్నాను.

"అసలు ప్రమాదం ఇప్పుడే, మావయ్యగారూ."

పొగ తోపుడుతో తిరిగే టర్బోలు ఇంజనులోకి గాలి కూరుతాయట. పొగదారి సులువైతే అవి హద్దు మీరతాయి. గాలికి తగ్గ పెట్రోలు అందకపోతే దిమ్మ మూలల సీళ్ళు విరిగి ఇంజను పోతుంది. అలాగని పెట్రోలు అతిగా పోస్తే కొత్త తేనెపట్టూ కరుగుతుంది. అందుకని షెడ్డులో కారును రోలర్ల మీద పరుగెత్తించి, గాలి వత్తిడి తగ్గించి, పెట్రోలు లెక్క సరిచేయించాడు. బలం కొంత తగ్గింది. "తగ్గితే తగ్గింది" అన్నాడు. ఆ మాటతో నాకు అల్లుడి మీద గౌరవం పెరిగింది.

మర్నాడు పొద్దున్న కారు స్టార్టు చెయ్యగానే కిటికీ మూతపడింది. నా మనసు చివుక్కుమంది. కన్వర్టరు సుమారు 250, 300 డిగ్రీలు వేడెక్కితే గాని పని చెయ్యదని అల్లుడు చెప్పాడు. అందుకని వీధిలో నిలబెట్టకుండా కారును మెల్లగా నడుపుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం తిరిగొచ్చి, టర్బోలు చల్లబడడానికి రెండు నిమిషాలు ఇంజను ఆపకుండా వుంచాడు. ఆవిడ కిటికీ దగ్గరకు వచ్చింది. రెక్క మీద చెయ్యి వేసింది. కాసేపు అలాగే నిలబడి, చెయ్యి తీసేసి లోపలికి వెళ్ళిపోయింది. కిటికీ తెరిచే వుంది.

నా స్కూటరుకు కన్వర్టరు లేదు. కాని దాన్ని అరుగుకు పదడుగుల అవతలికి తోసుకుపోవడానికి నాకు కాళ్ళుండేవి.