కిట్లు కొంటే డిజైన్ రాదు

బడిలో రోబోటిక్స్ ల్యాబ్ ఉంటే పిల్లలకు సాంకేతిక విద్య, సృజన రెండూ అందినట్టేనని ఇవాళ చాలామంది నమ్ముతున్నారు. ప్రైవేటు స్కూళ్ల బ్రోషర్లు ఆ మాటే చెబుతున్నాయి. ప్రభుత్వ పథకాలూ ఆ దారినే నడుస్తున్నాయి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. దేశంలో ఇలాంటి ల్యాబులు పదివేలకు చేరాయి. అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. పరికరాలు పేదపిల్లల చేతికి రావడం మంచిదే, రావాలి కూడా. వాటితోపాటు పాఠం కూడా వచ్చేసిందనుకోవడం దగ్గరే నా పేచీ.

కిట్ విప్పగానే అందులో ఒక పుస్తకం ఉంటుంది. ఏ చక్రం ఎక్కడ బిగించాలో, ఏ వైరు దేనికి కలపాలో బొమ్మలతో సహా చెబుతుంది. పిల్లలు ఆ ప్రకారం చేస్తారు, బండి కదులుతుంది, తల్లిదండ్రులు ఫోన్లలో వీడియో తీసుకుంటారు. తరగతిలో ఎంతమంది చేసినా బండ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఏ సరుకు వాడాలి, కొలత ఎంత, ఎవరికోసం, అసలు ఎందుకు అన్న నిర్ణయాలన్నీ కిట్ తయారుచేసిన కంపెనీ ముందే తీసేసుకుంది. డిజైన్ అంటే ఆ నిర్ణయాలే. పిల్లలకు మిగిలింది బిగింపు పని.

మన బడుల్లో కళ్లెదుటే ఉన్న పని ఒకటి చూడండి. మధ్యాహ్న భోజనం వేళ చేతులు కడుక్కునే కుళాయిలు చాలాచోట్ల ఒకటో తరగతి పిల్లలకు అందవు. దీన్ని ఎనిమిదో తరగతికి పాఠంగా ఇవ్వండి. ముందు చిన్నపిల్లల్ని గోడ పక్కన నిలబెట్టి ఎవరి చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో కొలవాలి. సగటు ఇక్కడ పనికిరాదని అప్పుడే తెలుస్తుంది. సగటు ఎత్తులో కుళాయి పెడితే దాదాపు సగంమందికి అందదు మరి! అందరికన్నా పొట్టి పిల్లను లెక్కలోకి తీసుకోవాలి. ఆ తరువాత పీట వెయ్యాలా, కుళాయినే దించాలా? పీట తడిస్తే జారుతుంది. కుళాయి దించితే కింద బకెట్ పట్టదు. అట్టముక్కలు, సుతిలితాడుతో నమూనా కట్టి ఆ చిన్నపిల్లల చేతే వాడించి చూస్తే లోపాలు బయటపడతాయి. అవి నోటుబుక్కులో రాసుకుని, మార్చి, మళ్లీ కట్టాలి. గణితం, భౌతికశాస్త్రం, సాటి పిల్లల అవసరం మీద ధ్యాస, మూడూ ఈ ఒక్క పాఠంలో ఉన్నాయి. ఇది చేసిన పిల్లలకు అప్పుడు సెన్సరు ఇవ్వండి, దేనికి వాడాలో వాళ్లే చెబుతారు.

కళ్లెదుటి అవసరం నుంచే డిజైన్ పుడుతుందనడానికి ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశమే సాక్ష్యం. ఆయన బడి చదువు మధ్యలోనే మానేశారు. పోచంపల్లి చీరలకు ఆసు పోస్తూ, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ, తల్లి లక్ష్మి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూశారు. 1992లో ఆ పని చేసే యంత్రం తయారీ మొదలుపెట్టారు. డబ్బుల్లేక ఆగారు, మళ్లీ మొదలుపెట్టారు. దారాన్ని మేకు చుట్టూ తిప్పే కదలిక ఏళ్లతరబడి కుదరలేదు. హైదరాబాదులో వేరే యంత్రం ఒకటి కదిలే తీరు చూసి దాన్ని సాధించారు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ మనిషిని నిలబెట్టిన చూపు, ఓపిక, చేతిపని ఏ పీరియడ్‌లో నేర్పుతున్నాం?

పదో తరగతి పబ్లిక్ పరీక్షల 600 మార్కుల్లో చేతిపనికి విడిగా ఒక్క మార్కూ లేదు. అందుకే పని విద్య పీరియడ్ టైంటేబుల్‌లో ఉన్నా లెక్కల సారు తీసేసుకుంటారు. చేతిపని చదువుకు అడ్డమనే వాళ్లు ఫిన్లాండ్ వైపు చూడాలి. అక్కడ 1866 నుంచి బడుల్లో చేతిపని తప్పనిసరి పాఠం. ఇంగ్లండ్, వేల్స్ 1990లో డిజైన్ అండ్ టెక్నాలజీని జాతీయ పాఠ్యప్రణాళికలోకి తెచ్చాయి.

ఇంకొక అభ్యంతరం ఉంది, అది మాత్రం న్యాయమైనది. చేతిపని అనగానే మనదేశంలో కులం గుర్తొస్తుంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పిల్లలు సగం పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలంటూ తెచ్చిన పథకాన్ని కులవిద్య అంటూ జనం ఎదిరించారు. మరుసటి ఏడాదే అది రద్దయింది, రద్దవ్వాల్సిందే. తాతలనాటి వృత్తిని మనవడి నెత్తిన పెట్టే చదువు ఎవరికీ వద్దు. నేను కోరేది దానికి పూర్తిగా ఎదురు దిక్కు. డాక్టరు కూతురూ, కుమ్మరి కొడుకూ ఒకే బల్ల దగ్గర ఒకే రంపం పట్టుకోవాలి. ఇద్దరి నోటుబుక్కులూ ఒకే కొలతతో దిద్దాలి. చేతిపనిని కొన్ని కులాలకే వదిలేసి మిగతావాళ్లను పెన్నుకు అంకితం చేస్తే ఆ కులపు గోడ అలాగే ఉంటుంది.

ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా డిజైన్ పాఠానికి వారానికి వరుసగా రెండు పీరియడ్లు ఇవ్వండి, ఎవరూ తీసుకోకుండా కాపాడండి. ఆ పాఠం చెప్పే టీచరుకు శిక్షణ ఇవ్వండి, పిల్లల నోటుబుక్కుకు మార్కులు వేయండి. తల్లిదండ్రులారా, ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ల్యాబ్ చూసి వచ్చేయకండి. పిల్లలు తామే కొలిచి, గీసి, చెడగొట్టి, మళ్లీ చేసిన వస్తువు ఒక్కటి చూపించమని అడగండి.