పడమటి గోడ

గడచిన వేసవిలో, మే నెల తొలి శుక్రవారమునాడు, జుమా నమాజు ముగిసి జనులు వాకిట చెప్పులు వెదకికొనుచున్న వేళ, మద్దికెర చేరువనున్న యొక చిన్న మసీదులో, హైదరాబాదున ఇంజనీరింగు చదువుచున్న కుర్రవాడొకడు తన సెల్‌ఫోనును మెహరాబు ముందరి చాపమీద పరుండబెట్టి, తెరమీది దిక్సూచి ముల్లు కుదుటపడువరకు ఊపిరి బిగబట్టి చూచి, "మన పడమటి గోడ తప్పుగా ఉంది" అనెను. ఆ గోడ సూటిగా పడమరకున్నది. ముల్లు మాత్రము పడమరనుండి ఉత్తరమునకు 15 డిగ్రీలు ఒరిగి నిలిచినది. చేయి బారచాచి పిడికిలి బిగించినచో ఆ పిడికిలి ఆకాశమున కప్పు మేర సుమారు 10 డిగ్రీలుండును; అనగా పిడికిలిన్నర మేర మక్కా మా గోడకు కుడివైపున నున్నదన్నమాట.

గుమిగూడిన వారిలో కొందరు నవ్విరి, కొందరు గొణిగిరి. కుర్రవాని మొగమున మాత్రము తప్పు పట్టితినన్న గర్వమేమియు కానరాలేదు. వాని తాత దూది ఏకి బ్రతికిన మనిషి, అయిదు పూటల నమాజు తప్పనివాడు, అంతకు ముందేడు కాలము చేసెను. "అట్లయితే మా జేజినాయన అన్ని సంవత్సరాలు చదివిన నమాజులన్నీ పోయినట్లేనా?" అని అడుగునప్పుడు వాని గొంతు వణకెను. జమాతులో పెద్దవాడైన ముదుసలి యొకడు, అప్పటికే ఒక కాలికి చెప్పు తొడిగినవాడు, వెనుదిరిగి, "పోయేదేముంది నాయనా! నీకన్నా ముందే మదీనాలో ఈ మాట అడిగినారు. జవాబు గూడా వచ్చిండాది" అని, రెండవ చెప్పు తొడిగికొని పోయెను.

ఆ పెద్దాయన రెండు మాటలలో ముగించిన దానిని నేనిచ్చట కొంత విప్పి చెప్పదలచితిని. ఏలయన, నమాజు దిక్కును ఆధారముగా గొని ఇస్లాము దైవదత్తము కాదనియు, ఒక మనుష్యుడు తన అవసరము కొలది కల్పించుకొన్నదనియు వాదించువారి మాటలు ఇప్పుడు పల్లెపట్టుల కుర్రవాండ్ర చెవులవరకు వచ్చినవి. ఆ వాదములను విన్నవారు వాటికి సమాధానమును గూడ వినుట న్యాయము.

క్రీ.శ. 622లో మక్కా విడిచి మదీనా చేరిన ప్రవక్త ముహమ్మదు, ఆయనతోడి విశ్వాసులు, మొదటి 16 లేక 17 మాసములు జెరూసలేములోని పవిత్రాలయము దిక్కునకే నిలిచి నమాజు సలిపిరి. అయినను ఇబ్రాహీము, ఇస్మాయీలు తండ్రికొడుకులు మక్కాలో గోడలెత్తిన కాబా వైపునకే ఆయన హృదయము లాగుచుండెను. ఆజ్ఞ వచ్చునేమోయని ఆయన మాటిమాటికి ఆకసమువంక మొగమెత్తి చూచుచుండెడివాడు. ఈ సంగతి ఏ చరిత్రకారుడో తరువాత వ్రాసి పెట్టినది కాదు, ఖురాను రెండవ అధ్యాయమే చెప్పుచున్నది. పాఠకులు ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెనని నా ప్రార్థన. ఒక మనుష్యుడు తన కోరికలకు దేవుని పేరు పెట్టి గ్రంథము వ్రాసికొనువాడే యైనచో, కోరిక పుట్టిన దినముననే వాక్యమును గూడ పుట్టింపవచ్చును గదా! ఏడాదికి పైగా ఆకాశము చూచుచు కూర్చుండనేల? కూర్చుండెనుపో, ఆ ఎదురుచూపును, ఆ నిస్సహాయతను తన గ్రంథముననే ఎక్కించి లోకమునకు చాటుకొననేల? వాక్యము తన చేతిలోనిది కాదని ఎరిగినవాడు మాత్రమే అట్లు ఎదురుచూచును. ఆయన సతీమణి ఆయిషామీద నింద పుట్టిన కాలమునను ఇట్లే జరిగెను. ఇంటి గౌరవము వీధిలో పడియుండగా ఆయన ఇంచుమించు నెలదినములు మౌనముగా వేగవలసివచ్చెను. అంధుడొకడు వచ్చినపుడు మొగము చిట్లించుకొన్నందులకు ఆయననే మందలించు వాక్యములు ఖురానులో నేటికిని చదువబడుచున్నవి. తన్ను తాను గద్దించుకొన్న మందలింపును లోకమంతయు పదునాలుగు శతాబ్దములు కంఠస్థము చేయునట్లు ఏర్పాటు చేసికొను కల్పకుని నేనెక్కడను వినలేదు.

ఇక ఆ మార్పు జరిగిన తీరు కన్నులకు కట్టునట్లు హదీసు గ్రంథములలో నున్నది. క్రీ.శ. 624, అనగా హిజ్రీ రెండవ యేడు. మదీనా అంచున ఖుబాలో జనులు తెలతెలవారు వేళ నమాజులో నుండగా ఒకడు వచ్చి, రాత్రి ఆజ్ఞ దిగినదనియు, కాబా వైపునకు తిరుగవలసినదనియు చెప్పెను. జెరూసలేము మదీనాకు ఉత్తరముననున్నది, మక్కా దక్షిణముననున్నది; అనగా కొంచెము పక్కకు ఒరుగుట కాదు, నిలిచినవారు నిలిచినట్లే వెనుకకు తిరుగుట. వరుసలు వరుసలుగా నున్న మనుష్యులు నమాజు విడువకయే తిరిగిరి. ముందరనున్న ఇమాముకు వెనుకవైపే ముందాయెను. ఒక్కడును ఎందులకని ప్రశ్నింపలేదు. మదీనాలో రెండు ఖిబ్లాల, అనగా రెండు నమాజు దిక్కుల, మసీదని పేరొందిన మసీదొకటి ఆ దిక్కు మార్పునకు గురుతుగా నేటికిని నిలిచియున్నది.

ప్రశ్న పిమ్మట పుట్టెను. ఈ మార్పునకు ముందే చనిపోయినవారి సంగతేమి? వారు జెరూసలేము వైపు చేసిన నమాజులు వ్యర్థమేనా? మా కుర్రవాని ప్రశ్నయే! దానికి వచ్చిన సమాధానము, వారి విశ్వాసమును అల్లాహ్ వ్యర్థము కానీయడనునది. మా ముసలాయన ఒక కాలి చెప్పుతో నిలిచి చెప్పినది ఈ మాటనే.

దేవుడు తన మనస్సు మార్చుకొనునా యని కొందరడుగుదురు. బడిపంతులు నేడొక పాఠమును, రేపొక పాఠమును చెప్పినచో పంతులు మనస్సు మారెనందుమా, పిల్లవాడు ఎదిగెనందుమా? ఆ మొదటి దిక్కు, ప్రవక్త వెంట నడచువారెవరో, మడమ తిప్పి పోవువారెవరో తేటపడుటకై పెట్టిన పరీక్షయని ఖురానే చెప్పుచున్నది. మదీనా యూదులతో తగవు వచ్చినందున దిక్కు మార్చెననువారు మరి కొందరు. పరిస్థితులుండెను, కాదనను. కాని తిరిగిన దిక్కున నున్నదేమి? తమ్ము ఊరినుండి తరిమిన శత్రువుల పట్టణము. దాని నడుమ విగ్రహములతో నిండిన ఇల్లు. ఆ ఇంటి చుట్టునున్న 360 విగ్రహములు తొలగినది క్రీ.శ. 630లో, అనగా ఈ మార్పునకు ఆరేండ్ల తరువాత. ఏకేశ్వరవాదమును బోధించు మనుష్యుడు లోకప్రయోజనమే చూచుకొన్నవాడైనచో, శత్రువు చేతిలోని విగ్రహశాలవంక తనవారి మొగములు త్రిప్పునా?

కాబా రాతిని పూజించుటయేగదా యనునది మరియొక మాట. దీనికి మా సీమలో సమాధానము దుర్లభము కాదు. పొరుగింటి బ్రాహ్మణుడు ప్రాతఃకాలమున తూర్పు మొగమై సంధ్య వార్చును. ఆయన దిక్కును పూజించుచున్నాడని ఎవ్వరైన అందురా? తెలుగున దిక్కనగా తట్టు, దిక్కనగా ఆశ్రయము. దిక్కులేనివాడని, దేవుడే దిక్కని మనము దినమునకు పదిమార్లు అనుకొందుము. ఖిబ్లా మొదటి యర్థమున దిక్కు, రెండవ యర్థమున దిక్కు అల్లాహ్ ఒక్కడే. కాబా లోపలికి ప్రవేశించినవాడు ఏ వైపు తిరిగి నమాజు చేసినను చెల్లును. ఖలీఫా ఉమరు కాబా గోడలోని నల్లరాతిని ముద్దిడుచు, నీవు మేలుగాని కీడుగాని చేయజాలని రాయివని నేనెరుగుదునని దానితోనే యన్నట్లు హదీసు కలదు. మక్కా చేజిక్కిన దినమున ప్రవక్త, బానిసత్వమునుండి విడుదలైన హబషీ నల్లవాడు బిలాలును కాబా కప్పుమీది కెక్కి అజాను పలుకుమనెను. తాను కొలుచు విగ్రహము నెత్తిన కాలు మోపుమని ఏ భక్తుడైన చెప్పునా?

బిలాలు పేరు తలచినపుడెల్ల నాకు ఆదోని జామియా మసీదు గురుతు వచ్చును. 17వ శతాబ్దమున బిజాపూరు సుల్తానుల పక్షమున ఆదోని నేలి ఆ మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖాను గూడ హబషీ సంతతివాడే. అక్కడి తోరణముల నీడలో నిలిచినపుడు, ఆ కప్పుమీది గొంతుకకును ఈ రాతి పనికిని నడుమ వేయేండ్ల తెరపి యున్నట్లు తోచదు. తుంగభద్ర యొడ్డున మంచాల గ్రామమును శ్రీ రాఘవేంద్రస్వామికి సమర్పించినది ఈ ఖానేయని మా ప్రాంతమున చిన్నపిల్లలు గూడ చెప్పుదురు. 1671లో స్వామి బృందావన ప్రవేశము చేసినది అచ్చటనే, అదియే నేటి మంత్రాలయము. పడమరకు సాగిలపడిన నొసలు అన్యమతపు సన్న్యాసికి భూమి ఇచ్చుటకు సంకోచింపలేదు. ప్రతి సముదాయమునకును తాను మొగము త్రిప్పు దిక్కొకటి కలదనియు, మంచి పనులలో పోటీపడుడనియు ఖిబ్లా వాక్యముల నడుమనే చెప్పియుండుటను ఆ ఖాను చదివియే యుండును.

పండితుల ఆక్షేపణ నొకదానిని మాత్రము త్వరగా ముట్టి పోయెదను. తొలి మసీదులు మక్కాకు గాక పెట్రా పట్టణమునకు తిరిగియుండెనని డాన్ గిబ్సన్ అను ఆయన వ్రాసెను. ఇస్లామీయ జ్యోతిశ్శాస్త్ర చరిత్రయందు జీవితము గడపిన డేవిడ్ కింగ్ దానిని ఖండించుచు, తొలితరమువారు డిగ్రీల లెక్కలతో గాక సూర్యోదయాస్తమయ స్థానములను, నక్షత్రములు పొడుచు తావులను చూచి దిక్కు నిర్ణయించుకొనిరనియు, నేటి కొలబద్దతో ఆ గోడలను కొలిచి మరియొక ఊరి పేరు చదువుట తగదనియు చూపెను. గ్రంథము చాలకాలము పిమ్మట అల్లబడినదనువారికి బర్మింగ్‌హాములోని ఖురాను తోలుపత్రములున్నవి; 2015లో ప్రకటించిన పరీక్ష ఆ తోలు కాలమును క్రీ.శ. 568, 645ల నడుమ నిలిపినది. తోలు వయస్సు దేవుని వాక్కును నిరూపింపదు, నేనెరుగుదును. అది గ్రంథపు ప్రాచీనతను మాత్రమే చెప్పును. తక్కినది చదివినవాని గుండె చెప్పవలసినది.

దిక్కు నెరుగుటకు ముస్లిములు పడిన శ్రమ మాత్రము చిన్నది కాదు. అల్ బిరూనీ 1025 ప్రాంతమున ఘజనీ పట్టణపు ఖిబ్లాను నిర్ణయించుటకై పట్టణముల అక్షాంశ రేఖాంశములమీద ఒక సంపూర్ణ గ్రంథమునే వ్రాసెను. అయినను ఆ గణితము రానివాని నమాజు చెల్లదని ధర్మశాస్త్రము చెప్పలేదు. దూరమున నున్నవానికి కాబా గోడయే గురి కానక్కరలేదనియు, ఆ తట్టు చాలుననియు, 45 డిగ్రీల లోపు వాలు నమాజును చెరుపదనియు మనము నడచు హనఫీ మార్గము చెప్పును. 4,000 కిలోమీటర్ల దూరమునుండి దూది ఏకు చేతులు మరి దేనిని గురి చూడగలవు?

ఆ శుక్రవారము సాయంకాలము మగ్రిబు నమాజుకు ముందు ఆ పెద్దాయన కుర్రవానిని మిద్దెమీదికి తీసికొనిపోయెను. నేనును వెంట పోతిని. పొద్దు గుంకుచుండెను. "నీ ఫోను యేడ చూపించిందో సూడు" అనెను. ఫోను ముల్లును, వేరుసెనగ చేల అవతల దిగుచున్న సూర్యబింబమును ఇంచుమించు ఒకే వైపున నుండెను. మా అక్షాంశమున మే తొలి దినములలోను, ఆగస్టు రెండవ వారమునను పొద్దు కాబా దిక్కుననే క్రుంకును; తక్కిన దినములలో కుడికో ఎడమకో జరుగును. పొద్దు గుంకు వైపు చూచి గోడ కట్టిన పూర్వులు ఏ మాసమున కట్టినను ఆ తట్టు తప్పిపోలేదు.

మే 28వ తేదీన కుర్రవాడే మరల వచ్చెను. ఆనాడు మన గడియారమున మధ్యాహ్నము 2 గంటల 48 నిమిషములకు సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన నిలుచునని వాడు చదివియుండెను. మసీదు వాకిట, కాళ్ళు కాలు ఎండలో, రెండు మూరల కట్టెను మట్టిలో పాతి, దారమునకు రాయి కట్టి వ్రేలాడదీసి అది నిట్టనిలువుగా నున్నదని చూచికొనెను. నీడ కట్టె పొడవులో ముప్పాతికకు కొంచెము తక్కువ, తూర్పునకు పోయి దక్షిణమునకు ఒరిగినది. నీడ కొసనుండి కట్టె మొదటివరకు సున్నపు గీత గీచి, ఆ గీత వెంట ముందుకు చూచినచో మక్కా. యంత్రము లేదు, లెక్క లేదు. ఆ క్షణమున సూర్యుని చూడగల దేశములలో ఎవడు తన కట్టె నీడను చూచినను ఆ నీడలన్నియు ఒక్క ఇంటినుండియే పారిపోవుచున్నట్లుండును. పెద్దాయన వంగి ఆ గీతను వ్రేలితో తాకి చూచెను.

గోడను పడగొట్టలేదు. ఆ గీత ప్రకారము లోపల నేలమీద వరుసల గుర్తులు వేసిరి. చాపలు గోడకు ఏటవాలుగా పరచిరి. తరువాతి శుక్రవారము మొదటి వరుసలో, కుడికొన కొంచెము వెనుకకును ఎడమకొన గోడకు దగ్గరగాను, పెద్దాయన ప్రక్కన ఆ కుర్రవాడు నిలిచెను. నమాజయిన పిమ్మట వాడు చేతులెత్తి చాలసేపు దువా చేసెను. జేజినాయన పేరొక్కటే నాకు వినబడెను. వెనుక ఆగ్నేయ మూలన, చాపల వాలువలన క్రొత్తగా మిగిలిన ముక్కోణపు చోటిలో, నలుగురు పిల్లలు ఒకరినొకరు త్రోసికొనుచు నిలిచియుండిరి.

— మద్దికెర ముసాఫిరు